మాలకొండయ్య మీద నేను మోపిన బ్యాక్టీరియా

ఒక్క మాటతో ఒక దేశాన్ని నిందించి, ఒక కొడుకును తల్లి మంచం దగ్గరికి పోనీయకుండా చేసిన ఘనత నాది. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడే నెల్లూరులో ఒక ల్యాబ్‌లో చేరాను. తిండి ద్వారా సోకే, మందులకు లొంగని బ్యాక్టీరియా ఏ దేశం నుంచి ఏ దేశానికి పోతోందో ఆరా తీయడం మా పని. ఉదయగిరి దగ్గర ఒక ఊళ్లో విందు తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ తేరుకున్నారు, వెంగమ్మ అవ్వ తప్ప. ఆత్మకూరు ఆసుపత్రిలో ఆమెకు ఎక్కించిన మందేదీ పని చేయడం లేదు. ఆమె రక్తంలో దొరికిన బ్యాక్టీరియా జన్యువులను పోల్చి చూస్తే, కువైట్‌లో దొరికినదానికి అచ్చం తోబుట్టువులా ఉంది.

అవ్వ కొడుకు మాలకొండయ్య కువైట్ నుంచి వచ్చి పది రోజులే అయింది. విందులో కోడికూర వండింది ఆయనే. ఇంకేం కావాలి? జీపులో ఊళ్లోకి దిగి, పాలకేంద్రం దగ్గర పదిమంది వింటుండగా అడిగాను.

"కువైట్‌లో ఏం పని చేసేవాళ్లు?"

"గొర్రెలు కాసినాను మేడమ్. ఏంది, ఏమైంది?"

"మీ అమ్మకు పట్టింది కువైట్ బ్యాక్టీరియా. మీరే తెచ్చారు."

మర్నాటి నుంచి వాళ్లింటి పాలు ఎవరూ పోయించుకోలేదు.

రెండు రోజుల తర్వాత ఆయన గంజి పట్టుకుని ఆసుపత్రి గేటు బయట నిలబడి ఉన్నాడు.

"లోపలికి పోలేదేం?"

"నేను పోతే అమ్మకి మళ్లా తగులుకుంటాదేమో మేడమ్. మీరే ఇయ్యండి."

ఎంత చక్కగా అర్థం చేసుకున్నాడో అని మెచ్చుకున్నాను కూడా! లోపల అవ్వ, "మా వోడు రాలేదామ్మా?" అని అడిగింది. గంజి చల్లారిపోతుందంటూ గిన్నె ఆమె చేతికిచ్చాను.

మాలకొండయ్యకు చేసిన మల పరీక్షలో ఆ బ్యాక్టీరియా దొరకలేదు. మా ల్యాబ్ పెద్ద మేడమ్ నన్ను పిలిచారు.

"విందుకు కోడి కొన్న ఆత్మకూరు అంగడి నుంచి పోయిన నెల నువ్వు తెచ్చిన మాంసం శాంపిల్స్ చూశావా?"

"ఇంకా ఫ్రీజర్‌లోనే ఉన్నాయండీ."

తీసి పరీక్షిస్తే అందులోనూ అదే బ్యాక్టీరియా. నేనే స్వయంగా సేకరించి తేదీ రాసిన డబ్బా. ఆ తేదీకి మాలకొండయ్య ఇంకా విమానం ఎక్కలేదు.

"రెండూ తోబుట్టువులని తెలిసింది, సరే. ఎవరింటికి ఎవరు చుట్టంగా వెళ్లారో నీకెవరు చెప్పారు?" అన్నారు ఆమె.

ఈలోగా వేరే మందు పని చేసి అవ్వ గండం నుంచి బయటపడింది. నేను ముందు మాలకొండయ్యను తల్లి మంచం దాకా తీసుకెళ్లాను. తర్వాత పాలకేంద్రం దగ్గర, అదే పదిమంది ముందు, తప్పు నాదేనని చెప్పాను.

ఆయన ముందుకొచ్చి అడిగాడు.

"అయితే మేడమ్, మన కాడ నించే అది కువైట్‌కి పోయుండొచ్చా?"

"పోయుండొచ్చు. ఇంకా తెలీదు."

"అట్టయితే మా యజమానికి మాత్రం చెప్పబాకండి. పోయినేడు ఆయనకి కడుపులో నొప్పొస్తే, ఇండియా నించి నువ్వే తెచ్చినావని నన్ను దినమంతా ఎండలో నిలబెట్టినాడు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అందుకే నా కడుపులోని కోటానుకోట్ల బ్యాక్టీరియా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డబ్బాల మీద తేదీలన్నీ చదవకుండా, ఇక ఏ మనిషికీ ఏ దేశానికీ వేలు చూపించను.