సున్నం నానే రోజులు

తొంభైల మధ్యలో, ఉదయగిరి కొండ కింద ఉన్న పాత మేడను చెప్పిన ధరలో సగానికి కొన్న మొనగాణ్ణి నేనే. ఆత్మకూరు బజారులో అంగళ్ల మధ్య పెరిగాను. ఎదుటివాడి మొదటి మాట తగ్గించకపోతే మా ఇంట్లో ఎవరికీ అన్నం అరగదు. మేడను బాగుచేసి, ఎనిమిది భాగాలుగా విడదీసి, పేదవాళ్లకు తక్కువ బాడుగకు ఇవ్వాలని నా ఎత్తు. పుణ్యం, బాడుగ ఒకే బేరంలో వస్తాయి కదా!

మొదటి భాగం హాస్టల్లో వంటచేసే అవ్వకు ఇస్తానని అడ్వాన్సు తీసుకున్నాను. ఆమె ఎవరి స్థలంలోనో పూరి కొట్టం వేసుకుని ఉండేది.

గానుగ సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రిని పిలిపించాను. ఆయన చిల్లులు పడిన మిద్దె కప్పు చూసి, "సున్నం మూడు నెల్లు నానాల సామీ," అన్నాడు.

"నెలన్నర చాలదా?"

"సున్నంతో బేరమేంది సామీ? అదేమన్నా చింతపండా?"

"వానలొచ్చేస్తాయి మేస్త్రీ. నలభై రోజులు చేసుకో."

"ఇందాక నెలన్నర అంటివే! నా కూలి తగ్గించమను, తగ్గిస్తా. నానేది నా చేతిలో లేదు."

కూలి కూడా తగ్గించాను. నలభయ్యో రోజునే సున్నం నానేసిన గుంత తెరిపించాను. పని పోతుందని ఆయన నోరు మూసుకుని మిద్దె వేశాడు.

నేను చెప్పిన తేదీ నమ్మి అవ్వ కొట్టం పీకేసింది. వాసాలు అమ్మేసి, స్థలం అప్పగించి, ఒక ట్రంకుపెట్టె, బైబిలు పట్టుకుని వచ్చింది.

కార్తీకం వానలకు, సరిగా నానని సున్నపు పలుకులు మిద్దెలోనే ఉబ్బి పగిలాయి. అవ్వ హాస్టలుకు పోయిన పూట, ఆమె పొయ్యి మీద మిద్దె కూలింది. మిగతా గదులూ నెర్రెలిచ్చాయి. ఎనిమిదింటిలో ఒక్కటీ మనిషి ఉండటానికి పనికిరాకుండా పోయింది.

అవ్వ గడప బయటే నిలబడి చూసింది.

"సున్నం నానలేదని నాకు ముందే చెప్పుంటే, నా కొట్టం పీక్కోకుండా ఉందును గదా నాయనా."

ఆ రాత్రి నుంచి ఆమె హాస్టలు వరండాలో పడుకుంది.

మేడ ద్వారబంధాలను, పాత కలప కొనడానికి మర్రిపాడు నుంచి వచ్చిన లారీ అతను అడిగిన ధరకే ఇచ్చేశాను. మేస్త్రికి తగ్గించిన కూలి తిరిగి ఇచ్చాను. అవ్వకు అడ్వాన్సు, దానితోపాటు ఆమె వాసాలు అమ్ముకున్న ధర ఇచ్చాను. ఆ డబ్బుతో కొత్త కొట్టం లేవదని నాకు తెలుసు. అయినా అంతే ఇచ్చాను.