పోస్టుకార్డంత రోడ్డు

మా షాపులో మూడు కుర్చీలు ఉండేవి. మంచిది యజమానిది. రెండోది వచ్చిపోయే పార్టీలకు. మూడోదాని వెనక కాలు విరిగితే సుతిలి తాడుతో కట్టారు, అది నాది. నాలుగేండ్లు దాంట్లోనే కూర్చున్నాను. మార్చమని పదిసార్లన్నా అడిగి ఉంటాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో తప్పంతా నాదేనని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

దేవరకొండలో, తొంభైల నడుమ. కోర్టుకు ఎదురుగా జిరాక్సు, టైపు, శుభలేఖల షాపు. యజమానిని ఊరంతా సేటు అనేది, నేను చాచా అనేదాన్ని. మొదట్లో తెలుగు టైపు మిషన్ మీద దరఖాస్తులు కొట్టేదాన్ని. తర్వాత ఆయన హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. దాన్ని నేర్చుకున్నది నేను ఒక్కదాన్నే. తప్పులు చేసి, తిట్లు తిని, దాంతో వచ్చిన పుస్తకం చినిగేదాకా చదివి నేర్చుకున్నాను. ఒక అక్షరం తప్పు పోతే కాగితమంతా మళ్లీ కొట్టక్కర్లేదు, ఆ ఒక్క అక్షరమే దిద్దుకోవచ్చని తెలిసిన రోజు నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు.

చాచా బామ్మర్ది హైదరాబాదులో కంప్యూటర్లు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. ఒక ఆదివారం రెండు ఫ్లాపీలు పట్టుకొచ్చి మా మిషన్‌లో కారు రేసు ఆట ఎక్కించాడు. కారు కదిలింది. కదిలింది అనడం కూడా ఎక్కువే. రోడ్డు పక్క తెల్లరాయి దూరంగా ఒకసారి కనబడి, మళ్లీ ముక్కు ముందే కనబడేది. నడుమ ఏమీ లేదు. మలుపు వచ్చిందని తెలిసేసరికి కారు పొలంలో ఉండేది.

"దులేభాయ్, గిది కంప్యూటర్ కాదు, ఎద్దుల బండి," అన్నాడు బావతో. "గిప్పుడే అమ్మేయి. వచ్చే ఏడు ఎవ్వడు ముట్టడు."

"మరి పని?"

"టైపు మిషన్ ఉన్నది గద. టైపు పిల్ల ఉన్నది."

నా ముందరే అన్నాడు, నా దిక్కు చూడకుండా. తర్వాత రెండు చాయ్‌లు తెప్పించారు. షాపులో ఉన్నది ముగ్గురం.

చాచాకు మిషన్ల సంగతి తెలియదు. కట్టంగూరు దగ్గర ఆయనకు చెలక పొలం ఉండేది, అక్కడ బోరు మోటరు రెండుసార్లు కాలింది. అప్పటినుంచి తిరిగే మిషన్ ఏది చూసినా కాలుతుందనే భయం. కంప్యూటర్ ముందు వేగం పెంచే బటన్ ఒకటి ఉండేది, దాని మీద టర్బో అని రాసి ఉండేది. తెచ్చిన రోజే దానికి దవాఖానలో వాడే ప్లాస్టర్ అంటించాడు. "ఫుల్లు మీద నడిపితే కాలిపోతది బేటీ," అన్నాడు. ఆ మిషన్ మీద శుభలేఖలు ఎంత బాగా వస్తున్నాయో ఆయన లెక్కలోకి రాలేదు. పొలంలో పడ్డ కారు ఒక్కటే కళ్లలో నిలిచింది.

"నెల చూద్దాం," అన్నాడు చివరికి. "ఆటల బండి సాఫ్‌గ ఉరికితే ఉంచుదాం. లేకుంటే తీసేద్దాం."

ఇది న్యాయమా? నాగలి మంచిదో కాదో చూడడానికి దానితో గడ్డం గీసుకున్నట్టుంది. అయినా ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే మళ్లీ టైపు మిషన్ దగ్గరికి పోవాలి, తప్పు పోయిన కాగితాలన్నీ మొదటినుంచి కొట్టాలి.

చాచా రోజూ మధ్యాహ్నం నమాజుకు, అటునుంచి అటే అన్నానికి పోయేవాడు. ఆ గంటన్నర నాది. ఆటలో ఒక పట్టీ ఉండేది, ఏమేం చూపాలో ఏమేం వద్దో అందులో ఎంచుకోవచ్చు. గుట్టలు తీసేశాను. చెట్లు తీసేశాను. మబ్బులు, ఇండ్లు, పక్క కారు నీడ, అన్నీ తీసేశాను. మా దేవరకొండ చెలకలకన్నా బోడిగా అయింది ఆ దేశం. కారు జర మెరుగైంది, అంతే.

ఒకరోజు అన్నం గిన్నె ఇవ్వడానికి మా బాపు వచ్చాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగే డేరా టాకీసులో ప్రొజెక్టర్ నడిపాడు. నా వెనక నిలబడి తెర దిక్కు చాలాసేపు చూశాడు.

"బొమ్మ దునుకుతాంది బిడ్డా. ఫిలిం నడుమ నడుమ తెగినట్టు. సెకండుకు ఇరువై నాలుగు బొమ్మలు పోతె కండ్లకు సాఫ్‌గ ఉంటది. గీడ నాలుగు గూడ పోతలేవు."

"మిషన్‌కు తాకత్ లేదంటుండ్రు బాపూ."

"తాకత్ లేకుంటే బొమ్మ చిన్నగ చెయ్యి. మా మిషన్ల వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు అయిపోవస్తే గట్లనే. మిషన్ను తెర దగ్గరికి జరిపేటోళ్లం. బొమ్మ చిన్నగైతది, వెలుతురు నిలుస్తది. ఎనుక కూసున్నోళ్లు లొల్లి చేస్తరు. చెయ్యనియ్యి."

ఆయన పోయాక ఆటలో బొమ్మ కొలత తగ్గించే మీట వెతికాను. అది నిజంగానే ఉంది. ఒక్కో నొక్కుకు రోడ్డు చుట్టూ నల్లటి అంచు పెరుగుతూ పోయింది. చివరికి పోస్టుకార్డంత మిగిలింది. కానీ ఆ పోస్టుకార్డులో తెల్లరాళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తూ కనబడ్డాయి.

ఇక నాకు కాలు నిలవలేదు. ప్లాస్టర్ ఒక కొస మెల్లగా లేపి బటన్ నొక్కాను, చాచా వచ్చే వేళకు మళ్లీ నొక్కి వేగం తగ్గించి, ప్లాస్టర్ అంటించాను. రోజూ అదే పని. పొగ వస్తుందేమోనని మొదటి రెండు రోజులు మిషన్ వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను. తర్వాత ఇంకో సంగతి పట్టుకున్నాను. మిషన్ లేవగానే తెలుగు అక్షరాల ప్రోగ్రాం, ప్రింటరుది, మౌసుది, అన్నీ లోపల కూర్చుని జాగా ఆక్రమించేవి. అవేవీ ఎక్కకుండా మిషన్ను లేపే ఫ్లాపీ ఒకటి సొంతంగా తయారు చేశాను. నాలుగుసార్లు చెడింది, ఐదోసారి నిలిచింది. ఆ రోజు బొమ్మను సగం తెరకు పెంచినా కారు దునకలేదు. బాపు చెప్పిన ఇరవై నాలుగు కాకపోవచ్చు. నా కండ్లకు మాత్రం రోడ్డు పారింది.

నెల నిండకముందే బామ్మర్ది మళ్లీ వచ్చాడు, వెంట ఒకతన్ని తీసుకొని. "పాలమూరు మెకానిక్ ఈయన. చూసి చెప్తడు, ఉంచాల్నా తీసేయాల్నా. జర ఆట చూపియ్యి." చాచా గల్లా దగ్గర రసీదులు సర్దుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఫ్లాపీ పెట్టాను. వాళ్లకు వీపు అడ్డం పెట్టి ప్లాస్టర్ లేపి బటన్ నొక్కాను. మూడు మలుపులు, ఒక్క తప్పు లేకుండా నడిపాను. ఆ వచ్చినతను "మంచిగుంది" అన్నాడు. గెలిచాననుకున్నాను. ఆట ఆపి, బటన్ మళ్లీ నొక్కి వేగం తగ్గించి, ప్లాస్టర్ అంటించి, ఫ్లాపీ తీసి నా సంచిలో వేసుకున్నాను.

మర్నాడు షాపుకు వచ్చేసరికి బల్ల మీద మిషన్ లేదు. దుమ్ములో నాలుగు పలకల గుర్తు మాత్రం ఉంది. ఆ మనిషి మెకానిక్ కాదు, పాలమూరు బస్టాండు దగ్గర వీడియో గేముల షాపు నడిపేవాడు. బండి బాగా ఉరికిందని కొనుక్కుపోయాడు. దాన్ని ఉంచుకోవడానికి నేను పడ్డ పాట్లే దాన్ని అమ్మించాయి. చాచాకు ముందే తెలుసా అని అడిగితే, "కాగితాలు వచ్చినయి, కొట్టు బేటీ," అని టైపు మిషన్ మీది గుడ్డ తీశాడు.

ఎనిమిది రోజులు కొట్టాను. తొమ్మిదో రోజు ఆటో ఆగింది. పాలమూరాయన మిషన్ను దించి, కోర్టు ముందున్న వకీళ్లు, కక్షిదారులు అందరూ వినేట్టు మొదలుపెట్టాడు.

"చూపిచ్చింది ఒకటి, ఇచ్చింది ఒకటి. గిదేం దోఖా సేటూ? మా కాడ తాబేలు లెక్క పోతాంది."

"అదే మిషన్ భాయ్. ఖసమ్," అని ఒట్టేశాడు చాచా.

"పిల్లలు నవ్వుతుండ్రు మా షాపుల. నీ గడ్డం చూసి నమ్మిన."

చాచా నా దిక్కు తిరిగాడు. "బేటీ, ఏమన్న ఎరుకనా నీకు?"

ఫ్లాపీ నా సంచిలో, నా కాళ్ల దగ్గరే ఉంది. ప్లాస్టర్ పీకి బటన్ చూపిస్తే రెండు నిమిషాల పని. విరిగిన కుర్చీ, రెండు చాయ్‌లు, టైపు పిల్ల, మెకానిక్ అన్న అబద్ధం, ఒక్కొక్కటి యాదికొచ్చాయి.

"లేదు చాచా. ముసలి మిషన్ అని మీ బామ్మర్దే అన్నడు గద."

చాచా గల్లా తెరిచాడు. తీసుకున్న పైసలు తిరిగి ఇచ్చి అతన్ని పంపాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు కాసేపు ఉండి చెదిరిపోయారు. ఆ నెలంతా కోర్టు గుమాస్తాలు ఆయన్ని చూసి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు.

మిషన్ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. నేను విరిగిన కుర్చీ జరుపుకొని కూర్చున్నాను. చాచా లేచి, మందుల షాపుకు పోయి కొత్త ప్లాస్టర్ చుట్ట తెచ్చాడు. పాతదాన్ని పీకి పడేసి, కొత్త ముక్క కత్తిరించి, బటన్ మీద బొటనవేలితో గట్టిగా ఒత్తాడు.

"పాతదానికి జిగురు పోయింది బేటీ," అన్నాడు. "రోజూ పీకితె ఎట్ల నిలుస్తది?"

అని రసీదుల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఎప్పటినుంచి తెలుసో చెప్పలేదు. తెలిసీ ఆ మనిషి ముందు ఎందుకు నోరు విప్పలేదో చెప్పలేదు. నా సీటు నాకు దక్కింది, ఇంకో రెండేండ్లు అక్కడే పనిచేశాను, ఆ ఆట మాత్రం మళ్లీ తెరవలేదు. ఫ్లాపీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆయన్ని ఎన్నోసార్లు అడగబోయి ఆగిపోయాను. ఆయన ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అని, ఆ తప్పు కూడా ఆయన లెక్కలోనే రాసి పెట్టుకున్నాను.