కాటన్‌పేట తేనెపట్టు కోసం

రంగప్ప మామ బెంగళూరు నుంచి మా బడికి ఫోన్ చేశాడు. ఎస్టీడీ బూత్ కదా, గబగబా చెప్పేశాడు. "సరోజా, మా అంగడి గోడలో తేనెటీగలు చేరుండాయి. సోమవారం గార పనోళ్లు వచ్చి గోడ పగలగొడతారు. కావాలంటే బేగ రామ్మా."

నేను హెడ్మాస్టరు గదిలో ఉన్నానన్న సంగతి కూడా మరచిపోయి చప్పట్లు కొట్టాను. ఎందుకు కొట్టనూ! తొంభైల్లో ఆ మాయరోగం వచ్చి హిందూపురంలో నా ఎనిమిది పెట్టెల్లోని ఈగలూ ఒక్క ఏడాదిలో తుడిచిపెట్టుకుపోయాయి. పిల్ల పురుగులు పట్టులోనే కుళ్లిపోయేవి. రెండేళ్లుగా పెరట్లో కానుగ పూస్తోంది, రాలుతోంది, చెట్టు కింద చిన్న చప్పుడు లేదు. ఆ చెట్టు వైపు చూడలేక పెరటి తలుపు మూసేసుకునేదాన్ని. ఇప్పుడు బతికున్న గుంపు ఒకటి దొరుకుతోంది. సోమవారం దాటితే అదీ ఉండదు.

ఆదివారం ఉదయం ఆరింటి ప్యాసింజరు ఎక్కాను. ఖాళీ పెట్టెను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. గౌరిబిదనూరులో ఎక్కిన పెద్దాయన దాన్ని తడిమి చూసి, "హార్మోనియమా అమ్మా? ఎక్కడ భజన?" అన్నాడు.

"దీని పాట వినాలంటే రేపు ఇటు వచ్చే బండి ఎక్కండి" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. నా నవ్వు మాత్రం ఆగలేదు.

నేను తెలుగు పంతులమ్మని. దారి పొడుగునా నా పాత కోపమే గుర్తొచ్చింది. పద్యాల్లో ఎక్కడ చూసినా తుమ్మెదలే. పాపం, పొద్దస్తమానం తిరిగి మనకు తేనె కూర్చే తేనెటీగను ఏ కవీ సరిగ్గా పట్టించుకోలేదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆ కోపం పైకే అంటుంటాను.

తొమ్మిదింబావుకు బెంగళూరులో దిగాను. వెళ్లేవాళ్లకు ఒక మాట: స్టేషన్ నుంచి కాటన్‌పేటకు ఆటో ఎక్కకండి, నడిచే దూరమే. దారిలో రెండు ఇడ్లీలు తిని పది లోపే మామ పరుపుల అంగడి చేరాను. మామ మా నాన్న స్నేహితుడు. మూడు తరాలుగా వాళ్లది అక్కడే దూది వ్యాపారం.

అంగడి పక్కగోడలో పాత మీటరు పెట్టె ఉంది. మీటరు ఎప్పుడో తీసేశారు, చెక్కపెట్టె మిగిలింది. దాని తలుపు సందులోంచి ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. కాళ్లకు పసుపుపచ్చని పుప్పొడి ముద్దలు! ఈ ఇరుకు వీధిలో, లారీల మధ్య, వీటికి పూలెక్కడ దొరికాయో! నాకు ఏడుపొచ్చింది. "వచ్చిందే మేలు. కొనేవాళ్లు కుట్టించుకుని తిట్టిపోతావుండారు" అన్నాడు మామ.

కొబ్బరి పీచు రాజేసి పొగ పెట్టబోయాను. మామ పరుగున వచ్చి నా చేతిలో అగ్గిపెట్టె లాక్కున్నాడు.

"నిప్పు మాత్రం వద్దు తల్లీ! ఒక్క రవ్వ పడితే దూదీ మిగలదు, మేమూ మిగలం."

నిజమే మరి. కానీ పొగ లేకుండా పట్టు తీయడమంటే నిద్రపోతున్న మనిషి కింద నుంచి పరుపు లాగడమే. ఈగలు సద్దుమణగవు, చేతికి తీరిక ఇవ్వవు.

కొనేవాళ్ల రాకపోకలు తగ్గాక, మూడింటికి మొదలుపెట్టాను. మీటరు పెట్టె తలుపు ఊడదీసి పక్కన ఆనించాను. పిల్ల పురుగులున్న పట్టును ముక్కలుగా కోసి, మా పెట్టెలోని చట్రాలకు కట్టాలి. అరటినార తేవడం మరచిపోయాను. మామ భార్య నంజమ్మత్త పరుపులు కుట్టే దారం తెచ్చి ఇచ్చింది. ముఖం మీద ఈగలు, జాకెట్లో ఈగలు. చేతి మీద మూడు కుట్టాయి, చెవి మీద ఒకటి. ఒకపక్క నొప్పి, ఒకపక్క సంతోషం! ఆ తొందరలో గుంపు చాలావరకు పెట్టెలోకి దిగగానే, "రాణి దిగింది!" అని అరిచాను.

"చూసినావా?" అంది అత్త.

"చూడాలా ఏమిటి? నా అనుభవమెంత అత్తా!" అన్నాను. గొప్పలకు పోయాను. చూడలేదు.

చీకటి పడే వేళకు బయట తిరిగే ఈగలూ లోపలికి చేరాయి. పెట్టె వాకిలికి జల్లెడ వైరు కొట్టి మూసేశాను. రాత్రి వాళ్లింట్లోనే రాగిసంగటి తిని పడుకున్నాను.

సోమవారం ఏడున్నరకు తిరుగు బండి. పక్క సీట్లో ఒక నర్సమ్మ, పేరు గ్రేసు. ఊరు గుంటూరు దగ్గరట, రాత్రి డ్యూటీ చేసి హిందూపురంలో చెల్లెలింటికి పోతోంది. నా పెట్టె సంగతి, దాని పాట సంగతి విని భయపడకపోగా చెవి ఆనించింది.

"ఇదేంటండీ టీచర్ గారూ, పాటన్నారు? మా వార్డులో పేషెంట్లు తెల్లారగట్ల ఇట్టాగే మూలుగుతారండీ."

నేనూ చెవి పెట్టాను. ఒక మూల నుంచి లేచి, పెట్టె అంతా పాకి, తగ్గి, మళ్లీ లేస్తున్న మూలుగు. రాణి లేని గుంపు చేసే చప్పుడది. రాణి లేకపోతే గుడ్లు పెట్టేవాళ్లుండరు, గుంపు కొన్ని వారాల్లో అంతరించిపోతుంది. నేను మోస్తున్నది తల్లి లేని ఇంటిని! రాణి అక్కడే, నేను ఊడదీసిన తలుపుకో ఆ మీటరు పెట్టెకో అంటుకుని ఉండిపోయి ఉండాలి.

యశ్వంతపురంలో బండి ఆగింది. "దిగండి, నేనందిస్తా" అని గ్రేసమ్మ ఈగల పెట్టెను పసిపిల్లలా ఎత్తి తలుపులోంచి అందించింది. "దొరకాలని ప్రార్థన చేస్తానండీ!" అన్న ఆమె మాట బండితోపాటే వెళ్లిపోయింది.

సిటీ బస్సు కండక్టరు పెట్టెలో ఏముందని అడిగితే వంటసామాను అన్నాను. అబద్ధమే, ఏం చేయను! మెజెస్టిక్‌లో దిగి, పెట్టె కుదుపకుండా, పరుగెత్తకుండా పరుగెత్తాను. అంగడి చేరేసరికి తొమ్మిదింబావు. గోడ సగం లేదు. మీటరు పెట్టె ముక్కలై మట్టిలో పడుంది. ఆనించిన తలుపు కనబడలేదు.

"తలుపేది మామా?"

"చెక్కలన్నీ మీ అత్త వెనక్కి తీసకపోయింది. నీళ్ల పొయ్యిలోకి."

పెరట్లోకి వెళ్లాను. స్నానాలకు నీళ్లు కాచే హండె కింద పొయ్యి చల్లగా ఉంది. నంజమ్మత్త తడితల తుడుచుకుంటూ వణుకుతోంది. తలుపు గోడకు ఆనించి ఉంది. దాని వెనకవైపు గుప్పెడు ఈగలు ముద్దగా అంటుకుని ఉన్నాయి.

"ఇవి ఉండాయని చూసినాను. ఎట్ల కాల్చేదమ్మా, ప్రాణాలు కదా. చన్నీళ్లు పోసుకుంటే సరిపాయ."

వేలితో ఈగలను మెల్లగా పక్కకు జరిపాను. మధ్యలో ఉంది! పొడుగ్గా, నల్లగా, మెరుస్తూ, నిదానంగా నడుస్తూ, నా రాణి. "అత్తా!" అని ఒక్క కేక పెట్టి, తడితలతో ఉన్న ఆమెను అలాగే వాటేసుకున్నాను. తర్వాత పెట్టె మూత వేలెడు తెరిచి, తలుపును దాని అంచుకు ఆనించాను. రాణి లోపలికి నడిచింది. గుప్పెడు ఈగలూ వెంట నడిచాయి.

మేమిద్దరం పెట్టెకు చెరోవైపు చెవి పెట్టి కూర్చున్నాం. మూలుగు ఒక్కసారి పెద్దదైంది. తర్వాత తగ్గింది. తగ్గి, సన్నని ఒకే శ్రుతిలో నిలిచింది.

"ఏడుపు మానినాయి కదా" అంది అత్త.

మధ్యాహ్నం బండి ఎక్కి కూర్చున్నాను. బెంగళూరులో ఏం చూశావని అడుగుతారు మా టీచర్లు. విధానసౌధ చూడలేదు, లాల్‌బాగ్ చూడలేదు. అనుభవం ఉందని విర్రవీగిన నేను చూడనిదాన్ని, తేనెటీగల గురించి ఏమీ తెలియని నంజమ్మత్త చూసింది. ఆ చలిలో ఆమె పోసుకున్న చన్నీళ్ల పుణ్యాన మా కానుగ చెట్టుకు ప్రాణం వస్తోంది. ఇంటికెళ్లగానే పెరటి తలుపు తెరవాలి.

దొడ్డబళ్లాపురం దాటాక పెట్టె మీద చెవి ఆనించాను. అదే సన్నని శ్రుతి. హిందూపురం వచ్చిందని పక్కవాళ్లు తట్టి లేపాల్సి వచ్చింది.