మా పౌనే సార్

మొన్న పొద్దున హెడ్‌మాస్టర్ ఫోన్ చేశారు. నేను స్పీకర్ పెట్టి టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. "మేడం, పెద్ద సార్ పోయిండ్రు" అన్నారాయన. "ఎక్కడికి సార్?" అని అడిగాను. నిజంగానే అడిగాను. రిటైరయ్యాక పెద్ద సార్ ఇంటి పట్టున ఉన్నది తక్కువ. రోజూ స్కూటర్ మీద ఏదో ఒక శిష్యుడి ఊరికి పోతూనే ఉండేవారు. హెడ్‌మాస్టర్ మెల్లగా "మేడం" అని మాత్రం అన్నారు. అప్పుడు అర్థమై డబ్బా కింద పెట్టాను.

బోధన్‌లోని తన ఇంట్లో, చాయ తాగి, పేపర్లో వచ్చే సుడోకు అంకెల గడులు నింపుతూ కుర్చీలోనే కన్నుమూశారట. ఒకే వరుసలో తప్పుగా రెండు ఏడులు వేసి పెట్టారని వాళ్లబ్బాయి చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. సార్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరికైనా అంతే, ఏడుపు ఎక్కువసేపు నిలవదు.

రెంజల్ మండలంలోని మా హైస్కూల్లో ఆయన ఏళ్ల తరబడి లెక్కలు చెప్పారు. నేను రెండో లెక్కల టీచర్‌గా చేరేనాటికి అందరికీ పెద్ద సార్ అయిపోయారు. పిల్లలకు మాత్రం, చాటుగా, పౌనే సార్. ఆ పేరు ఎందుకు వచ్చిందో నాకు మొదటి రోజే, బస్సు పోగొట్టుకుని మరీ తెలిసింది.

బోధన్‌లో గది తీసుకుని, బడికి బస్సు ఎన్నింటికని ముందురోజు ఆయనకు ఫోన్ చేశాను. "పౌనే నౌకు బిడ్డా. ఒక్క నిమిషం గూడ ఆగడు వాడు" అన్నారు. మాది కమ్మర్‌పల్లి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడరు. పావు తెలుసు, నౌ అంటే తొమ్మిదని తెలుసు. రెండూ కలిపి తొమ్మిదింబావు అనుకున్నాను. లెక్కల టీచర్‌ని కదా, తొందరగా కలిపేశాను. మొదటి రోజు ఆలస్యం కాకూడదని తొమ్మిదింటికే బస్టాండులో నిలబడి, నా ముందుజాగ్రత్తకు నేనే మురిసిపోయాను. బస్సు అప్పటికే సగం దారిలో ఉంది. షేర్ ఆటోలో గోధుమ పిండి మూటల మధ్య కూర్చుని బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి, మొదటి పీరియడ్ కూడా సగమైంది.

సంగతి విని సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. "పావు కలిపినవా బిడ్డా? పౌనే అంటే పావు తీసెయ్యాలె. తొమ్మిదికి పావు తక్కువ." పక్కనున్న సైన్స్ టీచర్‌ని పిలిచి నాచేత మళ్లీ చెప్పించుకుని, మళ్లీ నవ్వారు.

ఆ పొరపాటును ఆయన అక్కడితో వదల్లేదు. మధ్యాహ్నం ఏడో తరగతిలో పాఠం చేసేశారు. మా బడి పిల్లల్లో చాలామంది ఇంట్లో మరాఠీ, బజారులో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడతారు. పావు తక్కువకు పౌనే, పావు ఎక్కువకు సవ్వా, అర ఎక్కువకు సాడే అనే మాటలు వాళ్లకు పుట్టుకతో వస్తాయి. బోర్డు మీద రెండుముప్పావు రాసి, "గిది మీ ఇంట్ల ఏమంటరు?" అని అడిగారు. "పౌనే తీన్" అని అందరూ అరిచారు. "సూడుండ్రి మరి. పుస్తకం రెండు కాడ నిలబడి ముందుకు సూస్తది. మీ నాయినమ్మ మూడు కాడ నిలబడి ఎనుకకు సూస్తది. ఇద్దరు కలిసేది ఒక్క జాగలనే." తీసివేత, రుణ సంఖ్యలు అన్నీ ఆ నాయినమ్మ భుజం మీదుగానే దాటించేవారు. నేను డిగ్రీ దాకా చదువుకున్న సంఖ్యారేఖ ఆ రోజే మొదటిసారి కదిలినట్టు అనిపించింది.

ఆయనకు బతుకంతా పౌనే లెక్కలోనే నడిచేది. చాయ హోటల్లో పౌనే కప్పు అడిగేవారు. నిండా పోస్తే తాగేవాడి చెయ్యి కాలుతుందని ఆయన వాదన. హోటలాయన ఎప్పుడూ కాస్త వెలితిగా పోసి ఇచ్చేవాడు. ఒకసారి మోకాలు నొప్పని నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర డాక్టరుకు చూపించుకుంటే, నొప్పి పదికి ఎంత ఉందని అడిగాడట ఆ డాక్టరు. "పౌనే పాంచ్" అన్నారట సార్. "ఐదంటే ఎక్కువైతది, నాలుగంటే మోకాలు ఊకోదు" అని దానికి వివరణ కూడా ఇచ్చారట. ఇది ఆయన భార్య చెప్పింది. మేమందరం ఆమెను అమ్మా అనే పిలుస్తాం.

మంచి సార్ అన్నంత మాత్రాన అన్నీ మంచివే అనుకోకండి. చేతిరాత ఘోరం. వృత్తలేఖిని ముట్టుకోకుండా బోర్డు మీద ఒక్క ఊపులో వృత్తం గీస్తానని గొప్పలు పోయేవారు. ఏనాడూ అది గుండ్రంగా రాలేదు. "గిది గుండ్రం అనుకోండ్రి" అంటే పిల్లలు "వంకాయ సార్" అనేవారు. "మంచిగున్నది, వంకాయకు వ్యాసార్థం ఎంత?" అని పాఠంలోకి దిగేవారు. ఇక రబ్బరు అంటే మండిపడేవారు. ఏ పిల్లాడి చేతిలో కనబడినా తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టేవారు. "కొట్టెయ్యి, తుడవకు. ఏడ తప్పినవో ఎట్ల దొరుకుతది?" అని కసిరేవారు. ఆయన కోపం చూడాలంటే రబ్బరొకటి చూపిస్తే చాలు.

నాకు మాత్రం ఆ మొదటి నెలల్లో నవ్వు రాలేదు. ఎనిమిదో తరగతి నా చేతికి చిక్కలేదు. నేను బోర్డు వైపు తిరిగితే వెనక సంత మొదలయ్యేది. అరిచేదాన్ని, వాళ్లు ఒక్క క్షణం ఆగేవారు, మళ్లీ మొదలు. గొంతు బొంగురుపోయి, సాయంత్రం గదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పాఠం రాక కాదు, పాఠం వాళ్ల దాకా చేరక. కమ్మర్‌పల్లిలో మా అన్నకు విత్తనాల దుకాణం ఉంది. వచ్చి దుకాణం చూసుకో, ఈ తిప్పలెందుకని వాడు ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. నాకూ అదే నయం అనిపించింది.

ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు సార్‌కు చెప్పేశాను. "నాతోని కాదు సార్. దసరాకు ఇంటికి పోతే మళ్ల రాను."

బుజ్జగిస్తారనుకున్నాను. ఆయన మరమరాలు నములుతూ, "సరే బిడ్డా, పో" అన్నారు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, "గని దసరా దాక నాకు లెక్కలు చెప్పు" అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. తెల్లారి ఎనిమిదో తరగతిలోకి పోతే ఆఖరి బెంచీలో, ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, చెవిలో పెన్సిల్ పెట్టుకుని పెద్ద సార్ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పిల్లలతో పాటు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. పిల్లలకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. నాకు భయమే.

ఆ రోజు ఎ ప్లస్ బి మొత్తం వర్గం. నేను సూత్రం రాయబోతుంటే వెనక నుంచి చెయ్యి లేచింది. "మేడం, అది నాకొస్తది" అంటూ బోర్డు దగ్గరికి వచ్చి, ఎ వర్గం ప్లస్ బి వర్గం అని రాసి, చేతులు దులుపుకుని నిలబడ్డారు. తరగతి గొల్లుమంది. "గట్లెట్ల సార్, తప్పు!" అని ముందు బెంచీ అరిచింది. ఆయన వినలేదు. "ఎందుకు తప్పు? ఇద్దరిని ఒక్కతాన పిలిస్తే ఇద్దరే గద వచ్చేది?" అని మొండిగా వాదించారు.

ఒక అమ్మాయి విసవిసా వచ్చి చాక్‌పీసు తీసుకుంది. బోర్డు మీద పెద్ద చతురస్రం గీసి, అడ్డంగా ఒక గట్టు, నిలువుగా ఒక గట్టు వేసింది. "సూడుండ్రి సార్. గీ పెద్ద మడి ఎ వర్గం, గా మూలకున్న చిన్న మడి బి వర్గం. మరి ఈ రెండు పొడుగు మడులు ఎవలు ఎత్తుకపోయిండ్రు?"

"గవి నేను సూడనే లేదు" అన్నారు సార్, ఎంతో ఆశ్చర్యంగా. నా వైపు తిరిగి, "మేడం, పిల్ల చెప్పేది నిజమేనా?" అని అడిగారు. తరగతి మొత్తం నా వైపు తిరిగింది. చేరినప్పటి నుంచి వాళ్లందరూ నా మాట కోసం ఎదురు చూడడం అదే మొదటిసారి. నేను ఆ పొడుగు మడుల దగ్గర వేలు పెట్టి మాట్లాడడం మొదలుపెట్టాను. గంట కొట్టింది కూడా వినపడలేదు.

బయటికి వచ్చాక వరండాలో ఆగారు. "ఇయ్యాల నువ్వు అరిచినవా?" అని అడిగారు. లేదన్నాను. "వాళ్లు అరిచిండ్రు. లెక్కల క్లాసుల అరిచేది వాళ్లే ఉండాలె" అని స్కూటర్ వైపు వెళ్లిపోయారు.

దసరా దాకా అదే తంతు. రోజుకో కొత్త తప్పు తెచ్చేవారు. ఆయన తప్పు పట్టుకోవడానికి పిల్లలు ముందు రోజే పాఠం చదివి రావడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆయన రాని రోజు కూడా చేతులు లేచాయి. సెలవులకు ఇంటికి పోయి, అన్న దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ బడి తెరిచాక చెప్పే పాఠానికి ఏ తప్పు పనికొస్తుందో అని ఆలోచిస్తూ, మక్క విత్తనాలు అడిగిన రైతుకు పెసర్లు ఇచ్చాను. అన్న తల పట్టుకుని, "నువ్వు బడికే పో తల్లీ" అన్నాడు.

బడి తెరిచిన రోజు పౌనే నౌ బస్సుకే వచ్చాను. సార్ నన్ను చూసి, "అరే, రానన్నవు గద బిడ్డా" అన్నారు. "మీ డౌట్లు ఇంక ఒడువలే గద సార్" అన్నాను. ఆ రోజు ఆయన నవ్వు గేటు దాకా వినపడింది.

ఆయన రిటైరైనప్పుడు పదో తరగతి నా చేతికి వచ్చింది. భయం మళ్లీ పట్టుకుంది. ఆదివారాలు ఆయనకు ఫోన్ చేసి, ఇట్ల చెప్పాల్నా, అట్ల చెప్పాల్నా అని అడిగేదాన్ని. ఆయన ఎన్నడూ సమాధానం చెప్పలేదు. "పిల్లలేమన్నరు?" అని మాత్రం అడిగేవారు. పోయిన ఆదివారం కూడా అదే అడిగారు.

సార్ పోయిన రోజు బడికి సెలవిచ్చారు. నేను వాళ్లింటికి చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఏవేవో ఊళ్ల నుంచి వచ్చిన పాత విద్యార్థులు, కొందరికి అప్పుడే తల నెరిసింది. అమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇక ఆదివారాలు ఎవరికి ఫోన్ చేయాలన్న దిగులు అప్పుడు కమ్ముకుంది. నేను ఏడ్చాను.

అంతలో బయట లొల్లి. మా పదో తరగతి పిల్లలు షేర్ ఆటోలో వచ్చారు. దండం పెట్టి, పూలు వేసి, పెద్దవాళ్ల మధ్య ఏం చేయాలో తోచక షామియానా అంచుకు పోయి నిలబడ్డారు. ఎండలో గుంజ నీడ వాళ్ల కాళ్ల ముందు పొడుగ్గా పడి ఉంది. ఈ వారం నేను చెబుతున్నది ఎత్తులు, దూరాలు, అంటే నీడను బట్టి ఎత్తు కనుక్కునే లెక్కలు. ఒక పిల్ల నిటారుగా నిలబడితే ఇంకొకతె ఆమె నీడను జానలతో కొలుస్తోంది. మూడోవాడు గుంజ నీడను కొలుస్తూ, జాన చిన్నగ పెట్టినవని కొట్లాడుతున్నాడు.

"సావింటి ముంగట ఆటలేందిరా?" అని ఒక పెద్దాయన లేచాడు. అమ్మ కళ్లు తుడుచుకుని ఆయన్ను ఆపింది. "ఉండనియ్యి అన్నా. ఆయనుంటే గిప్పుడు ఆళ్ల పక్కనే కూసుంటుండె" అంది.

అప్పుడే నీడ కొలుస్తున్న పిల్ల తలెత్తి నన్ను చూసింది. "మేడం, నీడ జరుగుతున్నది. జల్ది రాండ్రి" అని కేకేసింది.

అమ్మ నా చెయ్యి వదిలింది. నేను లేచి, ఎండలోకి పోయాను.