పడవను ఎక్కడికని అడగలేదు

చేప వాసన తగిలితే ముక్కు మూసుకునే ఇంట్లో పుట్టి, బెర్లిన్‌లో చేపల పడవలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో చేరాను. వరంగల్‌లో మా అమ్మ చుట్టాలకు "నౌకల కంపెనీ" అని చెప్పుకునేది. అబద్ధమేమీ కాదు, నిజాన్ని కాస్త ఇస్త్రీ చేసింది, అంతే.

నాకిచ్చిన పని చిన్నదే. పడవ బయల్దేరబోతుంటే, అంతకుముందు అది ఎక్కడుందో తెర మీద కనిపించాలి. ఆ సంగతి విడిగా ఎక్కడా ఉండదు, పాత ట్రిప్పుల్లోంచే రాబట్టాలి. పూర్తయిన ఆఖరి ట్రిప్పు ఏ రేవులో ముగిసిందో, పడవ ఉన్నది అక్కడే. ఒక్క ట్రిప్పూ చేయని కొత్త పడవైతే దాని సొంత రేవు.

బయల్దేరే ముందు నింపే తెర కూడా నన్నే చేయమన్నారు. ఎవరెవరు వెళ్తున్నారు, ఎప్పుడు, ఐసు ఎంత, అన్నీ అడిగాను. ఎక్కడికి అని మాత్రం అడగలేదు. మరిచిపోయి కాదు. గడప దాటే మనిషిని ఎక్కడికని అడిగితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. వెళ్లేవాళ్లను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ పంపేది. బస్టాండుకు పోయేవాళ్లకే అంత పట్టింపు ఉంటే, సముద్రం మీదకు పోయేవాళ్లను నేనెలా అడుగుతాను? పైగా నా లెక్కకు ఆ జవాబుతో పనే లేదు.

పక్క సీటు విజయవాడ అబ్బాయి అది చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటక్కా నువ్వు! ప్రొబెట్‌సైట్ అయ్యేదాకన్నా ఆగొచ్చుగా. ఉద్యోగం పోతే బ్లూ కార్డ్ గతేంటి?"

"అడగొద్దురా, మంచిది కాదు. ఆ పడవకేమన్నయితే నువ్వు జవాబు చెప్తవా?"

పైకి అలా అన్నాను గానీ లోపల భయమే. ప్రొబెట్‌సైట్ అంటే మనల్ని పరీక్షించి చూసుకునే కాలం. నచ్చకపోతే పొమ్మంటారు, అప్పుడు జర్మనీలో ఉండనిచ్చే బ్లూ కార్డ్ వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. నాది ఆ వారంతో ముగుస్తుంది.

ఉత్తర తీరం నుంచి ఒక పడవల యజమాని మా సాఫ్ట్‌వేర్ చూడ్డానికి వచ్చాడు. ఆయన తెర నింపుతుండగా మా జర్మన్ మేనేజరు కనిపెట్టేశాడు. ముఖం కందగడ్డయింది.

"గమ్యం ఏది? ఎందుకు అడగలేదు?"

నాయనమ్మ గురించి చెప్పేంత జర్మన్ నాకు రాదు. "అలా అడగడం మర్యాద కాదు" అన్నాను. నా సామాన్లు నేనే సర్దుకుంటున్నట్టు కళ్లకు కట్టింది.

మేనేజరు ఆయన వైపు తిరిగి, "క్షమించండి, రేపటికల్లా పెట్టిస్తాను" అన్నాడు.

"వద్దు" అన్నాడాయన. "పాత సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ అడిగేది. ప్రతిసారీ అబద్ధం రాసేవాణ్ణి. చేపలు ఎక్కడ పడతాయో పక్క పడవవాడికి చెబుతానా? ఆ అబద్ధాన్నే నమ్మి అది నా పడవలు ఎన్నడూ పోని రేవుల్లో ఉన్నాయని చూపించేది. మీదే సరిగ్గా చెబుతోంది. ఇది ఎవరి ఆలోచన?"

ఏ ఎండకా గొడుగు పట్టడం మా మేనేజరు దగ్గరే నేర్చుకోవాలి. కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు చెయ్యి చూపించాడు.

"మా ఇద్దరిదీ" అన్నాడు. "చాలాకాలం ఆలోచించాం."

వాదించలేదు. ఉద్యోగం నిలిచిందని తెలిసి గట్టిగా తలూపాను.