మందు పేల్చే తీగ మీద ఇంటర్నెట్

మా ఊరికి ఇంటర్నెట్ తెచ్చిన మొదటి మనిషిని నేనే. దాన్ని బొగ్గుగనిలో మందు పేల్చే తీగ మీద తేవచ్చని కనిపెట్టిన మొదటి మనిషిని కూడా నేనే. ఈ రెండో దాంట్లో నాకు పోటీగా ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

గోదావరిఖనిలో కిరాణా కొట్టు నడిపిన ఇంటి ఆడబిడ్డను నేను. చెప్పిన ధరకే సరుకు కొనుక్కొస్తే మా నాయన ఆ పూట మాతో మాట్లాడేవాడు కాదు. పెళ్లయి కమాన్‌పూర్ దిక్కు ఒక పల్లెకు వచ్చాక, మా ఆయన డ్యూటీకి పోతే పొద్దుపోక, ముందుగదిలో జిరాక్సు మిషను పెట్టాను. కొన్నాళ్లకు ఒక కంప్యూటరు కొన్నాను. ఇక బ్రాడ్‌బ్యాండ్ కావాలి. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే లైను రోడ్డు మీద చాయ్ హోటల్ పక్కనున్న స్తంభం దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఇంటిదాకా వైరు నేనే కొనుక్కోవాలని లైన్‌మన్ ధర చెప్పాడు. నేను నవ్వాను. మా బేరాలు అలాగే మొదలవుతాయి. అతను మాత్రం నవ్వలేదు.

"తగ్గదక్కా. గది అసలు వైరు."

"నా దగ్గర వైరున్నది తమ్మీ."

ఆ మాటకొస్తే మా వైపు అది లేని ఇల్లు లేదు. ఓపెన్‌కాస్టు గనిలో మందు పేల్చాక మిగిలే ఎర్ర, పసుపు తీగ ముక్కలవి. వాటితో బట్టలారేసే దండెం కడతారు, బీరతీగకు పందిరి వేస్తారు, బుట్టలల్లుతారు. మా అత్తమ్మ దగ్గర రెండు తీగ చుట్టలున్నాయి. తెచ్చి చేతిలో పెడితే లైన్‌మన్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అక్కా, గిది బాంబుల తీగె."

"కరెంటు పోతదా, పోదా?"

"పోతది."

"రాళ్లు లేపే కరెంటు పోయిన తీగెల మాట పోదా?"

పాపం, లైన్‌మన్ ముక్కకు ముక్క మెలిపెట్టి రెండు వరసలు లాగి ఫోను తగిలించాడు. హలో అంటే హలో వినిపించింది. అవతల మా నాయన దగ్గు కూడా స్పష్టంగా వినిపించింది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఇంటర్నెట్ మాత్రం వచ్చినట్టే వచ్చి పోయేది. మోడెం మీద పచ్చలైటు కదలకుండా నిలిస్తే లైను దొరికినట్టు. మాది ఎప్పుడూ రెప్పలు కొడుతూనే ఉండేది. కోపం కన్నా నాకు విడ్డూరమే ఎక్కువైంది. మాట పోయే దారిన ఇదెందుకు పోదు? మధ్యాహ్నం గనిలో పేల్చినప్పుడు భూమి అదిరినందుకేమో అనుకున్నాను. పేల్చని రోజు కూడా అంతే. కోతులను అనుమానించాను, వానను అనుమానించాను. చివరికి మోడెమే మార్చాను. లైటు కొత్త మోడెం మీద రెప్పలు కొట్టడం మొదలుపెట్టింది.

ఇంతలో మా వాడకట్టు పిల్లకు ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చింది. ఏయే కాలేజీలు కావాలో వరసగా కంప్యూటర్లో పెట్టాలి. బస్సు మీద పోయి వచ్చే దగ్గరి కాలేజీ అయితేనే చదువు, దూరం పడితే వద్దని తండ్రి తేల్చేశాడు. వరస పెట్టడానికి చివరి రోజు వచ్చింది. ఆ రోజే తెలంగాణ బంద్. బస్సుల్లేవు, గోదావరిఖనిలో నెట్ సెంటరుకు పోయే దారి లేదు. తల్లీబిడ్డా నా దగ్గరికే వచ్చారు.

పిల్ల కాలేజీల కోడ్లు కొట్టేది. సేవ్ నొక్కేలోపు లైను పోయేది. మళ్లీ మొదటి నుంచి. మూడోసారికి పిల్ల కళ్లు తుడుచుకుంది.

తల్లి నా మోడెం వైపు చూసింది. "వదినె, నీ డబ్బా కన్న మా బర్రె నయం. ఒక్కటేస్తెనన్న కదులుతది."

ఆమె మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూశాను. ఎర్రదీ పసుపుదీ, ముడి తరువాత ముడిగా తీగ పోతోంది. కొట్లో పెరిగిన బుర్రకు అప్పుడు వెలిగింది: తరుగు! బియ్యం బస్తా చెయ్యి మారినప్పుడల్లా ఇంత రాలుతుంది. ఇక్కడ ముడి ముడికీ రాలుతోంది. మాటకు దానితో నష్టం లేదు, హలోలో కాస్త రాలినా హలోనే. ఈ కంప్యూటరు సరుకు అలా కాదు కాబోలు, గింజ తగ్గితే బస్తా మొత్తం వాపసు. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. అప్పటికి పని చేసింది.

"లేవుండ్రి. స్తంభం కాడికే పోదాం."

టీవీ అంత మానిటరును తల్లి గడ్డిమోపులా నెత్తికెత్తుకుంది. మిగతావి నేనూ పిల్లా మోశాం. హోటలాయన సగం దించిన షట్టరు కింద నుంచి కరెంటిచ్చాడు. సెల్లులో లైన్‌మన్‌ను పట్టుకున్నాను.

"అక్కా, స్తంభం మీది డబ్బా ముట్టకు!"

"ముట్టినంకనే ఫోన్ చేస్తున్న తమ్మీ. గిండ్ల నా తీగెలేవి?"

"బాంబుల తీగెలు ఇంకెవరికున్నయక్కా? అవి పీకి, గా జాగల మోడెం వైరు పెట్టు."

పెట్టాను. పచ్చలైటు రెండుసార్లు కొట్టుకుని నిలబడింది. బంద్ రోజు పని లేని జనమంతా చుట్టూ చేరారు. "గట్లనే ఓ సినిమా ఎయ్యరాదు వదినె," అన్నాడొకడు. పిల్ల ఎవరినీ చూడలేదు.

"దగ్గరిది ముందుగాల పెట్టినవా బిడ్డా?" అంది తల్లి.

"పెట్టిన అమ్మా."

సేవ్ నొక్కితే, ఖాయమేనా అని కంప్యూటరు అడిగింది. "ఖాయమే అను! అను!" అని అందరూ అరిచారు. పిల్ల నొక్కింది. కొన్నాళ్లకు దగ్గరి కాలేజీలోనే సీటు వచ్చింది.

ఇక లెక్క. బంద్ మర్నాడు లైన్‌మన్ చెప్పిన ధరకే అసలు వైరు కొన్నాను. ఏ తప్పూ చేయని పాత మోడెం బదులు కొన్న కొత్తదాని ఖర్చు, పని చేయని నెలల బిల్లులు, ఆ రోజు జనమంతా తాగిన చాయ్ నా ఖాతాలోనే. అన్నీ కలిపితే మొదట వద్దన్న వైరు లాంటివి మూడు వచ్చేవి. రాబడి కింద, కంప్యూటరు వాడినందుకు పిల్ల తల్లి ఇచ్చిన గంటసేపటి డబ్బులున్నాయి. లైను మూడుసార్లు పోయింది కదా, తగ్గించమని బేరమాడింది. సగం తగ్గించి, మిగతా సగం తీసుకున్నాను.