ఖేడు టపాఖానాలో నా బెజవాడ కార్డు

నిజాం రాజ్యానికి వెళ్లే మనవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మా బావమరిది రాఘవులు నారాయణఖేడ్ మిషన్ బడిలో పంతులు. మూడు నెలలుగా వాడి ఉత్తరం లేదు. మా ఇంట్లోనే ఉంటున్న అత్తగారు అన్నం సహించక పొద్దస్తమానం వీధి గుమ్మంలోనే కూర్చుంటున్నారు. "బతికున్నాడో లేదో మీరే వెళ్లి చూసి రండి" అని మా ఆవిడ ఏడిస్తే బెజవాడలో రైలెక్కాను.

మర్నాడు హైదరాబాదులో తొమ్మిదింటికి బొగ్గుతో నడిచే బస్సు దొరికింది. సంగారెడ్డి, జోగిపేట మీదుగా ఖేడు చేరేసరికి మూడయింది. చార్జీ నిజాం వారి హాలీ సిక్కాల్లో రూపాయిన్నర. మన రూపాయలు ముందే మార్చుకోవాలి. దారంతా కందిచేలేనట, నేను చూస్తే కదా! ఏ కబురు వినాల్సొస్తుందోనన్నదే ధ్యాస.

రాఘవులు బడి వెనక గదిలో మంచం మీద కూర్చుని మజ్జిగ పోసిన జొన్న గటక తాగుతున్నాడు. సన్నిపాత జ్వరం తగ్గి పది రోజులైందట. "మూడు ఉత్తరాలు వేశాను బావా, ఒక్క జవాబు లేదు" అన్నాడు నిష్ఠూరంగా. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బెజవాడ నుంచి తెచ్చుకున్న కార్డు మీద 'క్షేమం' అని రాసి టపాఖానాకు పరుగెత్తాను.

పోస్టుమాస్టరు కార్డును అటూ ఇటూ తిప్పి దాని మీది స్టాంపు చూశాడు. "గీ అంగ్రేజీ బిళ్ల ఈడ చెల్లది పంతులూ. మా బిళ్ల మీ దిక్కు చెల్లది. ఏదేసినా ఆడికి బేరంగే పోతది."

"మా వాడు మీ బిళ్లే అంటించి మూడు ఉత్తరాలు వేశాడే?"

"అవి గూడ గంతే. మీ ఇంటోళ్లు పైసలిచ్చి తీసుకోలేదా?"

చేతి డబ్బు కట్టి బేరంగు ఉత్తరం పుచ్చుకోవడం నాకు నామోషీ. మూడుసార్లూ టపా జవానును వీధి మలుపులోనే ఆపి నేనే వెనక్కి పంపాను. దస్తూరీ అయినా చూడలేదు. ఇప్పుడీ కార్డునూ, బేరంగు తీసుకోవద్దన్న నా మాట ప్రకారం, మా ఆవిడ తిప్పి పంపేస్తుంది.

"పరేషాన్ గాకు. సికింద్రాబాద్‌ల ఎవరన్న ఉన్నరా? గీ కార్డు లిఫాఫల పెట్టి, పైన మా బిళ్లెయ్యి. ఆళ్లు ఆడి అంగ్రేజీ డాక్‌ఖానల ఏస్తరు. జల్దీ చెయ్, సంచి కడుతున్న."

కవరు కొని దాని మీద సికింద్రాబాదు స్నేహితుడి చిరునామా రాశాను. కార్డు అంచున ఇంకో ముక్క చేర్చాను: "వాడు రాస్తూనే ఉన్నాడు. తిప్పి పంపింది నేను. అత్తగారికి చదివి వినిపించు."

ఆ కార్డు చేరిందో లేదో తెలియక తిరుగు ప్రయాణమంతా అదే బెంగ. చేరింది. అత్తగారు అన్నం తిన్నారు; నాతో మాత్రం ఇంకా మాట్లాడరు. అటు వెళ్లేవాళ్లు సికింద్రాబాదులో ఒక చిరునామా చూసుకుని వెళ్లండి. ఇంట్లో మాత్రం గట్టిగా చెప్పి బయలుదేరండి: బేరంగు వస్తే పుచ్చుకోమని.